రీస్టోర్ చేయని అమెరికన్ మజిల్ కారు: ఏది నిజంగా అరుదు, దేనికి ఎంత విలువ

పాంటియాక్ సంస్థ 1964లో తన టెంపెస్ట్ లెమాన్స్ కారులో 389 ఘనపు అంగుళాల ఇంజన్ బిగించి జీటీఓ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. అక్కడ మొదలైన పోటీ 1970ల తొలి ఏళ్ల వరకు సాగింది. బీమా ఖర్చులు, పొగ నియంత్రణ నిబంధనలు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి దానికి ముగింపు పలికాయి. ఆ పదేళ్లలోపు కాలంలో డెట్రాయిట్ కంపెనీలు తయారు చేసిన బలమైన వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్ గల) కార్లనే ఇవాళ మజిల్ కార్లు అంటున్నాం. వాటిలో చాలా భాగం పరుగు పందేలలో నలిగిపోయాయి, శీతకాలంలో ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగి తుప్పు పట్టాయి, చివరికి తుక్కుకు వెళ్లాయి. మిగిలినవాటిలోనూ అనేకం గత నాలుగు దశాబ్దాలలో పూర్తిగా విప్పబడి, కొత్త రంగుతో, కొత్త భాగాలతో మళ్లీ కట్టబడ్డాయి, అంటే రీస్టోర్ అయ్యాయి. ఫ్యాక్టరీ వేసిన రంగు, ఫ్యాక్టరీ కుట్టిన సీట్లు, మొదటి రోజున బిగించిన ఇంజన్ అలాగే నిలిచి ఉన్న కారు, అంటే అక్కడివారు సర్వైవర్ అని పిలిచే కారు, అందుకే ప్రత్యేకమైనది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో ఇలాంటి కారు కొనాలని ఆలోచిస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక రాస్తున్నాను. నా ప్రధానమైన అభిప్రాయాన్ని ముందే చెబుతాను: రుజువు చేయగలిగినంత మేరకే అరుదుదనానికి విలువ ఉంటుంది, ఆ రుజువును కాగితంతో పాటు కారులోని లోహం కూడా ఇవ్వగలగడమే రీస్టోర్ చేయని కారుకున్న బలం. రెండు కార్లలో ఏది కొనాలో తేలనప్పుడు, ఏది తక్కువ సంఖ్యలో తయారైందన్న ప్రశ్నకు ముందు ఏది తన కథను తానే నిరూపించుకోగలదన్న ప్రశ్న వేసుకోవాలి.

తయారీ సంఖ్య చెప్పేది, చెప్పనిది

అమ్మకందారులు మొదట చెప్పేది తయారీ సంఖ్యే. 1969లో షెవర్లే కామారోలు రెండు లక్షల నలభై వేలకు పైగా తయారైతే, వాటిలో అల్యూమినియంతో పోసిన 427 ఘనపు అంగుళాల ఇంజన్ గల జెడ్ఎల్1 కార్లు 69 మాత్రమే. 1970 బ్యూక్ జీఎస్ఎక్స్ కార్లు 678 తయారయ్యాయి. ప్లిమత్ కంపెనీ ‘కూడా’ (Cuda) అనే కారులో, హెమీ అనే ఇంజన్ గల వాటిలో, పైకప్పు తెరిచే నమూనాలు 1970లో 14 మాత్రమే తయారు కాగా, 1971లో ఆ సంఖ్య ఇంకా తగ్గింది. 1971 నాటి అలాంటి ఒక కారు 2014లో సియాటిల్‌లో జరిగిన మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఇంత చిన్న సంఖ్యలు ఉన్నచోట అరుదుదనం గురించి వాదించవలసిన అవసరమే లేదు.

అయితే చిన్న సంఖ్య దానంతట అదే ధరను పెంచదు. జెడ్ఎల్1 కథే దీనికి సాక్ష్యం. ఆ ఇంజన్ ఒక్కదానికే నాలుగు వేల డాలర్లకు పైగా అదనంగా పడటంతో కారు ధర ఏడు వేల డాలర్లు దాటింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో లా హార్ప్ అనే చిన్న ఊరిలోని ఫ్రెడ్ గిబ్ డీలర్‌షిప్ 50 కార్లకు ఆర్డర్ ఇచ్చింది కానీ, ఆ ధరకు కొనేవారు దొరకక వాటిలో చాలావాటిని తిరిగి ఇచ్చివేయవలసి వచ్చింది. అప్పుడు కూడా ఆ కార్లు 69 మాత్రమే ఉన్నాయి. తరువాతి దశాబ్దాలలో మారినది సంఖ్య కాదు, వాటిని కోరుకునేవారి మనసు. కాబట్టి అరుదుదనాన్ని తూచేటప్పుడు ఆ ప్రత్యేకత ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు, బాడీ రకానికి సంబంధించినదా, లేక ఎవరూ పెద్దగా పట్టించుకోని సౌకర్యాల కలయికకు సంబంధించినదా అన్నది విడదీసి చూడాలి. ఫోర్డ్ కార్ల తయారీ వివరాలిచ్చే నివేదికలలో "ఈ రంగు, ఈ సీట్లు, ఈ రేడియో, ఈ అద్దాలతో తయారైనది ఇదొక్కటే" అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ఎంపికల జాబితా పొడవుగా ఉంటే దాదాపు ఏ కారునైనా అలా ఒంటరిని చేయవచ్చు. ఆ వాక్యానికి అదనంగా డబ్బు ఇవ్వవలసిన పని లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తయారైన సంఖ్య వేరు, నేటికి మిగిలిన సంఖ్య వేరు, రీస్టోర్ చేయకుండా మిగిలిన సంఖ్య మరీ వేరు. 1969 ఫోర్డ్ ముస్టాంగ్ మాక్ 1 కార్లు 72,000కు పైగా తయారయ్యాయి కనుక ఆ పేరు అరుదైనది కాదు. కానీ తొలి రంగు మీద, తొలి సీట్లతో, తుప్పు లేకుండా, తొలి ఇంజన్‌తో నిలిచిన మాక్ 1 కోసం వెతికి చూసినవారికి అది ఎంత కష్టమో తెలుస్తుంది. సాధారణమైన కారు అసాధారణమైన స్థితిలో ఉండటం కూడా ఒక అరుదుదనమే, అమ్మకపు ప్రకటనలు దీన్ని సరిగా లెక్కించవు కనుక కొనుగోలుదారుకు అవకాశం దొరికేది ఎక్కువగా ఇక్కడే.

ఏ కంపెనీ కారును నిరూపించడం తేలిక

కార్లను పోల్చేటప్పుడు చాలామంది హార్స్‌పవర్‌ను, అందాన్ని పోలుస్తారు కానీ, రీస్టోర్ చేయని కారు కొనేవారికి కంపెనీల మధ్య అసలైన తేడా కాగితాల దగ్గర వస్తుంది.

పాంటియాక్ ఈ విషయంలో మొదటి స్థానంలో ఉంటుంది. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థకు కారు గుర్తింపు సంఖ్య, అంటే విన్, ఇచ్చి రుసుము చెల్లిస్తే, ఆ కారు కోసం ఫ్యాక్టరీ డీలర్‌కు రాసిన బిల్లు నకలు వస్తుంది. ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ అదనపు ప్యాకేజీ అన్నవి అందులో ఉంటాయి. జీటీఓలో ప్రత్యేక నమూనా అయిన జడ్జ్ విషయంలో ఇది తప్పనిసరి. 1966 నుండి కొన్నేళ్లపాటు జీటీఓ విన్ 242తో మొదలవుతుంది కనుక లెమాన్స్‌ను జీటీఓగా మార్చిన మోసం అక్కడే పట్టుబడుతుంది కానీ, మామూలు జీటీఓకు చారలు, వెనుక రెక్క బిగించి జడ్జ్ అని అమ్మితే విన్ ఏమీ చెప్పదు. 1969లో జడ్జ్ కార్లు ఏడు వేలలోపే తయారయ్యాయి, వాటిలో పైకప్పు తెరిచేవి 108 మాత్రమే. కాబట్టి ఫ్యాక్టరీ బిల్లు లేని జడ్జ్‌ను మామూలు జీటీఓగానే లెక్కించాలి. 1964, 1965 కార్లకు విన్‌లో జీటీఓ అన్న సంగతి కూడా తెలియదు, అక్కడ బిల్లు ఇంకా ముఖ్యం.

ఫోర్డ్ కార్లకు 1967 నుండి మార్టీ ఆటో వర్క్స్ ఇచ్చే నివేదిక ఉంది. ఫోర్డ్ తయారీ రికార్డుల ఆధారంగానే దాన్ని తయారు చేస్తారు. విన్‌లోని ఐదవ అక్షరం ఇంజన్‌ను చెబుతుంది. 1969 ముస్టాంగ్‌లో ఆ స్థానంలో ఆర్ ఉంటే ర్యామ్ ఎయిర్ (బయటి గాలిని నేరుగా ఇంజన్‌కు పంపే ఏర్పాటు) గల 428 కోబ్రా జెట్ ఇంజన్, క్యూ ఉంటే ర్యామ్ ఎయిర్ లేని కోబ్రా జెట్, జెడ్ ఉంటే బాస్ 429. బాస్ 429 కార్లు మిషిగన్‌లోని బ్రైటన్ పట్టణంలో కార్ క్రాఫ్ట్ అనే సంస్థ దగ్గర పూర్తయ్యేవి. విన్ రూపంలో ఒక సాక్ష్యం, నివేదిక రూపంలో రెండవ సాక్ష్యం ఉండటం వల్ల మొదటిసారి కొనేవారికి ఫోర్డ్ సురక్షితమైన ఎంపిక.

క్రైస్లర్ కుటుంబపు కార్లలో, అంటే డాడ్జ్, ప్లిమత్‌లలో, కూడా ఐదవ అక్షరమే ఇంజన్. 1970లో ఆర్ అంటే 426 హెమీ, వీ అంటే మూడు కార్బ్యురేటర్ల 440, యూ అంటే ఒకే కార్బ్యురేటర్ గల 440, హెచ్ అంటే 340. దీనితో పాటు ఎడమవైపు ఇంజన్ గది గోడకు ఫెండర్ ట్యాగ్ అనే చిన్న రేకు ఉంటుంది, కారుకు వేసిన రంగు, ఎంపికలు దాని మీద సంకేతాలలో కొట్టి ఉంటాయి. హెమీ అయితే ఈ74, 340 అయితే ఈ55. ఆ రేకు స్క్రూలతో మాత్రమే బిగించి ఉంటుంది కనుక ఒక కారు నుండి మరొక కారుకు మార్చడం చాలా సులువు, కొత్తవి కొట్టి ఇచ్చేవారు కూడా ఉన్నారు. అందుకే రేకును ఒంటరిగా నమ్మకూడదు. సీటు స్ప్రింగుల మధ్యనో, వెనుక సీటు వీపు వెనుకనో ఫ్యాక్టరీ కార్మికులు వదిలేసిన బ్రాడ్‌కాస్ట్ షీట్, అంటే కారుకు ఏమేమి బిగించాలో రాసిన కాగితం, దొరికితే, దానిలోని విన్ ఈ కారుదేనా అని చూసుకోవాలి. పక్కన నిలిచిన మరొక కారు షీట్ ఇందులో పడి ఉండటం ఆ ఫ్యాక్టరీలలో కొత్త కాదు.

షెవర్లే దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి కఠినంగా మారుతుంది. ప్రజాదరణ ఎక్కువ, నకళ్లు ఎక్కువ, రికార్డులు తక్కువ. అమెరికాలో అమ్మిన కార్లకు పాంటియాక్ మాదిరి బిల్లు నకలు దొరకదు. కెనడాలో అమ్మిన జనరల్ మోటార్స్ (షెవర్లే, పాంటియాక్‌ల మాతృ సంస్థ) కార్లకు మాత్రం ఆ దేశంలో రికార్డులు దొరుకుతాయి. కామారో విన్‌లో మొదటి అంకెలు అది వీ8 కారా కాదా అన్నంతవరకే చెబుతాయి, జెడ్/28, ఎస్ఎస్ అనే ప్రత్యేక నమూనాలలో ఏదైనా అని చెప్పవు. ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీలో 1968 డిసెంబరు తరువాత తయారైన 1969 కార్ల రేకు మీద ఎక్స్33 లేదా ఎక్స్77 ఉంటే అది జెడ్/28 అని అర్థం. లాస్ ఏంజెలెస్ ఫ్యాక్టరీ కార్లకు ఆ సౌకర్యం కూడా లేదు. షెవర్లే మరో కారు షెవెల్ విషయంలో 1968 వరకు ఎస్ఎస్ 396 కార్ల విన్ 138తో మొదలయ్యేది. 1969 నుండి ఎస్ఎస్ ఒక అదనపు ప్యాకేజీగా మారడంతో విన్‌లో దాని జాడ లేకుండా పోయింది. 1970లో 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజన్‌తో తయారైనవి, దాని పికప్ రూపమైన ఎల్ కమీనోలతో కలిపి, 4,475. అవే తెలిసిన సంఖ్యలు, వాటిలో ఈ కారు ఒకటని చెప్పగలిగేది బిల్డ్ షీట్ (బ్రాడ్‌కాస్ట్ షీట్ వంటి ఫ్యాక్టరీ కాగితం), డీలర్ బిల్లు, వారంటీ పుస్తకానికి అతికించిన ప్రొటెక్ట్ ఓ ప్లేట్ అనే లోహపు రేకు మాత్రమే. ఆ రేకుకూ నకళ్లు తయారవుతున్నాయి. బిల్డ్ షీట్ తరచుగా ఇంధనపు ట్యాంకు పైభాగాన ఇరుక్కుని ఉంటుంది. ట్యాంకు ఎప్పుడూ దింపని కారులో ఆ కాగితం దొరికే ఆశ ఉంది, ఒకసారి విప్పి రీస్టోర్ చేసిన కారులో అది ఎవరో ఒకరు ఇప్పటికే తీసి ఉంటారు లేదా పారేసి ఉంటారు.

కాబట్టి ఒకే ధరకు, ఒకే స్థితిలో ఉన్న జడ్జ్, ఎల్ఎస్6 షెవెల్ ఎదురుగా నిలిస్తే, షెవెల్‌కు బిల్డ్ షీట్ లేనంతవరకు నేను జడ్జ్ వైపే మొగ్గుతాను. షెవెల్ మీద ప్రేమ ఉన్నవారికి ఇది రుచించకపోవచ్చు. కానీ తిరిగి అమ్మవలసిన రోజు వస్తే ఎదుటివాడు అడిగే మొదటి ప్రశ్న కాగితం గురించే.

లోహం ఇచ్చే సాక్ష్యం

కాగితం ఏమి తయారైందో చెబుతుంది, అదే ఇవాళ ఎదురుగా నిలిచి ఉందా అన్నది లోహం చెబుతుంది. 1969 జెడ్/28 ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇంజన్ దిమ్మ మీద పోత పోసిన తేదీ ఉంటుంది: సి 12 9 అంటే మార్చి 12, 1969. ముందు భాగాన, కుడివైపు సిలిండర్ హెడ్ కింద, చదునైన చోట ఇంజన్ కూర్చిన తేదీ ముద్ర ఉంటుంది: వి0318డీజెడ్ అంటే ఫ్లింట్ ఫ్యాక్టరీలో మార్చి 18న కూర్చిన 302 జెడ్/28 ఇంజన్. దానితో పాటు విన్‌లోని చివరి అంకెలు కొట్టి ఉంటాయి. పోత, కూర్పు, బాడీ తయారీ ఈ వరుసలోనే, సాధారణంగా కొద్ది వారాల తేడాతో రావాలి. బాడీ రేకు 03డి అని, అంటే మార్చి నాలుగో వారం అని చెబుతూ ఇంజన్ ఏప్రిల్‌లో కూర్చినదైతే, అది ఆ కారుతో పుట్టిన ఇంజన్ కాదు.

ముద్రలను కొత్తగా కొట్టడం చాలా ఏళ్లుగా సాగుతున్న మోసం. పాత ముద్రను అరగదీసి, నున్నగా చేసి, కావలసిన అంకెలు కొడతారు. ఫ్యాక్టరీలో ఆ చదునైన చోటును కోసిన యంత్రం సన్నటి సమాంతర గీతలు వదిలేది. ఆ గీతలు కనిపించకుండా చదును మెరుస్తూ ఉంటే, లేదా ఇసుక కాగితంతో తిప్పినట్టు గీతలుంటే అనుమానించాలి. ఇక్కడే రీస్టోర్ చేయని కారు గెలుస్తుంది. గ్రీజు, దుమ్ము, ఇంజన్ రంగు పొరలు ముద్ర మీద పేరుకుని ఉంటే, వాటిని మెత్తని గుడ్డతో, కొద్దిపాటి ద్రావకంతో తుడిచి చూసినప్పుడు కింద కనిపించే అంకెలకు ఉండే నమ్మకం, ఇప్పుడే రంగు వేసిన ఇంజన్ మీద అంకెలకు ఉండదు. అమ్మకందారు తీగ బ్రష్‌తో ముందే తోమి ఉంచాడంటే సాక్ష్యాన్ని సగం చెరిపినట్టే.

విన్ ఒకచోటే ఉండదు. డ్యాష్‌బోర్డ్ మీది రేకును జనరల్ మోటార్స్ పువ్వు ఆకారపు రివెట్లతో బిగించింది, ఆ రివెట్ల చుట్టూ గీతలు, కొత్త మెరుపు, జిగురు ఉన్నాయేమో చూడాలి. ఆ కాలపు కామారోలో విన్ చివరి అంకెలు గాలి జాలీ కింద ఒకచోట, హీటర్ పెట్టె వెనుక మరొకచోట లోహంలోకే కొట్టి ఉంటాయి. ముస్టాంగ్‌లో ముందు ఫెండర్ల కింద దాగిన లోపలి రేకుల మీద, క్రైస్లర్ కార్లలో రేడియేటర్ సపోర్ట్ మీద ఉంటాయి. ఈ దాగిన సంఖ్యలు డ్యాష్‌బోర్డ్ సంఖ్యతో కలవకపోతే ధర గురించి మాట్లాడటం ఆపేయాలి. అలాంటి కారుకు విలువ తగ్గడం ఒక్కటే కాదు, గుర్తింపు సంఖ్యను మార్చడం అమెరికా సమాఖ్య చట్టం కింద నేరం, పోలీసులు కారును స్వాధీనం చేసుకునే ప్రమాదం కూడా ఉంది.

రంగు విషయానికి వస్తే, ఆ కాలంలో జనరల్ మోటార్స్ యాక్రిలిక్ ల్యాకర్, ఫోర్డ్, క్రైస్లర్ ఎనామెల్ వాడాయి. ఫ్యాక్టరీ రంగు మందం సాధారణంగా 75 నుండి 150 మైక్రాన్ల మధ్య వస్తుంది. మందం కొలిచే చిన్న పరికరంతో ప్రతి రేకు మీద పలుచోట్ల కొలిచి రాసుకోవాలి. ఒక ఫెండర్ మీద 300 వస్తే మళ్లీ రంగు వేశారని, వెయ్యి దాటితే కింద లప్పం ఉందని అర్థం. ఒక తలుపుకో, ఒక మూలకో తరువాత రంగు పడినంత మాత్రాన కారు సర్వైవర్ అన్న పేరు కోల్పోదు. డీలర్ దగ్గరే గీతలు పడి సరిచేసిన కార్లు ఎన్నో ఉన్నాయి. చెప్పిన దానికీ కొలిచిన దానికీ పొంతన ఉందా అన్నదే పరీక్ష. ల్యాకర్ మీద వచ్చే సన్నని పగుళ్లను లోపంగా కాక వయసు రుజువుగా చూసే కొనుగోలుదారులు ఇప్పుడు పెరిగారు, నేను కూడా వారిలో ఒకడిని.

మైళ్ల మీటరుకు ఐదు అంకెలే ఉండేవి కనుక 99,999 దాటగానే అది సున్నాకు తిరుగుతుంది. 34,000 మైళ్లు అన్నది 1,34,000 కూడా కావచ్చు. పెడళ్ల రబ్బరు అరుగుదల, డ్రైవర్ తలుపు కీళ్ల వదులు, సీటు అంచు చినుగు, పాత సర్వీసు రసీదులలో రాసిన మైళ్లు ఒకే కథ చెప్పాలి. రసీదులు లేని తక్కువ మైళ్లకు ప్రత్యేకంగా డబ్బు ఇవ్వకూడదు.

ఇవన్నీ కాక నాకు ఎంతో విలువైనవిగా తోచేవి కొన్ని ఉన్నాయి: ఫ్యాక్టరీ తనిఖీదారులు సుద్దతో, గ్రీజు పెన్సిల్‌తో గీసిన గుర్తులు, స్టీరింగ్ పెట్టె మీద, సస్పెన్షన్ భాగాల మీద వేసిన రంగు చుక్కలు, అడుగున పడిన రంగు తుంపర. ఇతర కార్లను సరిగా రీస్టోర్ చేయాలనుకునేవారికి ఇవే నమూనా. ఇవి ఒకసారి కడిగితే పోతాయి.

ఎదురుగా నాలుగు కార్లు ఉంటే

ఒక కొనుగోలుదారు ముందు ఇంచుమించు దగ్గరి ధరలో నాలుగు కార్లు ఉన్నాయనుకుందాం. మొదటిది మామూలు 351 ఇంజన్ గల 1969 మాక్ 1, తొలి రంగు, ఒకే కుటుంబం చేతిలో ఉన్నది, మార్టీ నివేదికతో సహా. రెండవది ఎల్ఎస్6 అని చెబుతున్న 1970 షెవెల్, బిల్డ్ షీట్ లేదు, ఇంజన్ మీద వారంటీ కింద మార్చిన దిమ్మకు కొట్టే సీఈ ముద్ర ఉంది. మూడవది ఫ్యాక్టరీ బిల్లు గల 1969 జడ్జ్, తొలి ఇంజన్ ఉంది కానీ 1990లలో పూర్తిగా రీస్టోర్ చేశారు. నాలుగవది 340 ఇంజన్ గల 1970 ప్లిమత్ ‘కూడా’ (Cuda) కారు, తొలి ఇంజన్, లోపలి భాగమంతా తొలిదే, 1980లలో అదే రంగు మళ్లీ వేశారు, డిక్కీ నేల తుప్పు పట్టింది.

మొదటిసారి కొనేవారికి నేను మాక్ 1 చెబుతాను. ఆ ఇంజన్ చూసి ఎవరూ ఆశ్చర్యపోరు, వేలంలో సంచలనం కలిగించదు, కానీ అందులో వాదనకు తావు లేదు. నాలుగవ కారును కొంచెం అనుభవం ఉన్నవారు ఎంచుకోవచ్చు, తుప్పు డిక్కీ నేలతో ఆగిందా, వెనుక ఛాసిస్ దూలాలకు, వెనుక అద్దం కింది గాడికి పాకిందా అన్నది లిఫ్ట్ మీద ఎత్తి చూశాక మాత్రమే. అక్కడిదాకా పాకితే దాన్ని కాపాడుకునే కారుగా కాక రీస్టోర్ చేయవలసిన కారుగా లెక్కించి ధర కట్టాలి. జడ్జ్ మంచి కారే, అసలు అరుదుదనం దానిదే, అయితే దాని ధరను రీస్టోర్ చేసిన ఇతర జడ్జ్‌లతో పోల్చాలి. ముప్పై ఏళ్ల నాటి రీస్టోరేషన్ కూడా పాతబడుతుంది, దాన్ని తొలి స్థితిగా చూపి ఎక్కువ అడిగితే ఒప్పుకోకూడదు.

షెవెల్ విషయంలో జాగ్రత్తగా ఆలోచించాలి. సీఈ ముద్ర ఉండటం మోసం కాదు, కొత్తలోనే ఇంజన్ పాడై కంపెనీ మార్చి ఉండవచ్చు, పందేలలో వాడిన కార్లలో అది ఎంతో సహజం. ఆ కాలపు డీలర్ రసీదు ఉంటే ఆ కారుకు గౌరవం ఉంటుంది. రసీదు, బిల్డ్ షీట్ రెండూ లేనప్పుడు మాత్రం అది పెద్ద ఇంజన్ గల ఒక మామూలు షెవెల్. ఎల్ఎస్6 అన్న మాటకు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వకుండా ఆ ధరకు దొరికితే, నడుపుకోవడానికి అది ఆనందాన్నిచ్చే కారు. ఆ ధరకు అమ్మడానికి యజమాని ఒప్పుకోవడం అరుదు.

ధర కట్టడం

హాగర్టీ వంటి సంస్థల ధరల పట్టికలు కార్లను 1 నుండి 4 వరకు స్థితుల వారీగా విభజిస్తాయి. 1 అంటే పోటీలో గెలిచే స్థాయి, 4 అంటే నడుస్తున్నా లోపాలు కంటికి కనిపించే కారు. ఈ కొలబద్ద రీస్టోర్ చేసిన కార్లకు బాగా సరిపోతుంది. తొలి రంగు మీద ఉన్న కారు మెరుపు చూస్తే 3 అనిపిస్తుంది, కానీ కొన్నిసార్లు 2 స్థాయి ధర పలుకుతుంది. నేను అనుసరించే పద్ధతి ఇది: ముందు కంటికి కనిపించిన స్థితికి పట్టిక ధర తీసుకోవాలి, తొలి ఇంజన్, కాగితాలు, తొలి రంగు, తొలి లోపలి భాగం నాలుగూ కలిసి ఉన్నప్పుడు మాత్రమే దానిపై ఒక మెట్టు ఎక్కాలి. నాలుగింటిలో తొలి ఇంజన్ లేకపోతే మెట్టు ఎక్కడం కాదు, దిగాలి. అసలు ధరలుగా వేలాల ఫలితాలను మాత్రమే చూడాలి, అడుగుతున్న ధరలు కోరికలే తప్ప లెక్కలు కావు.

హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ 1968 నాటి సినిమాలో నడిపిన ఆకుపచ్చ ముస్టాంగ్ జీటీ 2020 జనవరిలో 34 లక్షల డాలర్లకు, రుసుములతో కలిపి 37 లక్షలకు పైగా, అమ్ముడైంది. దాన్ని 1974లో ఆరు వేల డాలర్లకు కొన్న కుటుంబం రీస్టోర్ చేయకుండా ఉంచింది. అమ్మకందారులు ఈ ఉదాహరణను తరచూ ముందుకు తెస్తారు. అక్కడ ధర తెచ్చినది ఆ కారు చరిత్ర, రీస్టోర్ చేయకపోవడం ఆ చరిత్రను కాపాడింది అంతే. పక్కింటి షెడ్డులో దొరికిన మరొక ముస్టాంగ్ ధరకు అది కొలమానం కాదు.

దుమ్ము పట్టిన కారును షెడ్డు నుండి తీసినట్టుగా ఫోటోలు పెట్టి ఎక్కువ అడగడం కూడా మామూలైంది. దుమ్ముకు విలువ లేదు. ఎలుకలు గూడు కట్టిన సీట్లు, మగ్గిన పెట్రోలు, బిగుసుకుపోయిన బ్రేకులు, తినేసిన వైర్లు ఖర్చులే. పూర్తి రీస్టోరేషన్ లక్ష డాలర్లు దాటడం ఈ రోజుల్లో వింత కాదు, కాబట్టి సగం పాడైన అరుదైన కారు కన్నా పూర్తిగా నిలిచిన సాధారణ కారు చివరికి చవక అవుతుంది.

కళ్లకు అలవాటు కావడానికి ప్రతి నవంబరులో షికాగో దగ్గరి రోజ్‌మాంట్‌లో జరిగే మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్‌కు వెళ్లడం మంచిది. రీస్టోర్ చేయని కార్లను అక్కడ విడిగా ప్రదర్శిస్తారు. యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా పోటీలలోనూ తొలి లక్షణాలు కాపాడుకున్న కార్లకు వేరే తరగతి ఉంది. నిజమైన తొలి రంగును, తొలి ముద్రలను దగ్గరగా చూసినవారికి నకలు త్వరగా దొరికిపోతుంది.

కొనే ముందు ఆ కంపెనీ కార్లలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న తనిఖీదారును సొంత ఖర్చుతో పంపాలి, అమ్మకందారు సూచించినవారిని కాదు. తుడవకముందే, తరలించకముందే ప్రతి ముద్రను, ప్రతి రేకును, అడుగు భాగాన్ని ఫోటో తీయించాలి. కొన్నాక పాలిష్ చేయవద్దు, పలచబడిన ల్యాకర్ ఒక పాలిష్‌తో ప్రైమర్ దాకా వెళ్లిపోతుంది. భద్రత కోసం టైర్లు, బ్రేకు గొట్టాలు, ఇంధనపు గొట్టాలు మార్చక తప్పదు, మార్చిన పాత భాగాలను ఒక్కటి కూడా పారేయకుండా చీటీ కట్టి పెట్టెలో ఉంచాలి. తొలి గుడ్‌ఇయర్ పాలీగ్లాస్ టైర్లు, తొలి ఎగ్జాస్ట్, తేదీ ముద్ర గల ఆల్టర్నేటర్ నడిపే కారుకు పనికిరాకపోయినా విలువలో భాగమే. చాలా అమ్మకాలలో ఇవి యజమాని షెడ్డులో ఒక మూల పడి ఉండి, కారు వెళ్లిపోయాక విడిగా అమ్ముడవుతాయి. అందుకే అమ్మకపు పత్రంలో టైటిల్ (యాజమాన్య పత్రం) మీది విన్‌తో పాటు ఈ విడి భాగాలను, కాగితాలను పేరుపేరునా రాయించి, ఇంజన్ ఆ కారుతో పుట్టినదేనన్న హామీని కూడా అందులోనే చేర్చి సంతకం తీసుకోవాలి. ఆ హామీ రాయడానికి వెనుకాడే అమ్మకందారు దగ్గర, నోటితో ఎంత నమ్మకంగా చెప్పినా, తొలి ఇంజన్ గల కారు ధర చెల్లించకూడదు.